ఆ పొద్దు మా ఇంటిని పిలవలేదు

పెళ్ళిళ్ళలో నన్ను మొదటి బంతిలో కూర్చోబెట్టని వాళ్ళెవరో నాకు గుర్తుంటారు. రెండో బంతిలో కూర్చోబెట్టి, ముక్కలు అయిపోయాక పులుసు మాత్రం పోసినవాళ్ళు ఇంకా బాగా గుర్తుంటారు. సూర్యాపేటలో కలెక్టరాఫీసుకు పోయే దారిలో నాకు చిన్న జిరాక్స్ షాపుంది. అక్కడే అర్జీలు కూడా రాసిపెడతాను. పదిమంది ఫిర్యాదులు రాసీ రాసీ నేనిట్లా తయారయ్యానని నా భార్య అంటుంది. అది నిజం కాదు. నేను మొదటి నుంచీ ఇట్లా ఉన్నాను కాబట్టే నా అర్జీలకు జవాబులొస్తాయి.

అయితే నేను రాయబోయేది బంతి భోజనాల గురించి కాదు. మా ఇంటిని పిలవకుండా వదిలేసిన ఒక పొద్దు గురించి.

మాది తుంగతుర్తి వైపు ఊరు. గొర్ల మందల మీద బతికినవాళ్ళం. మా వాళ్ళకొక వీరుడి కథ ఉంది. ఆ వీరుడికి పేరు లేదు. పెద్దకర్ర అంటారు. ఎప్పుడో ఒక కోట దొర మా మందల మీద పడ్డప్పుడు, మా నాలుగు ఇండ్లవాళ్ళు ఎవరి గొర్లను వాళ్ళు కాపాడుకోబోయి, విడివిడిగా ఓడిపోయి, తలో దిక్కు చెదిరిపోయారు. యుద్ధంలో వీరుడి కత్తి విరిగింది. చేతిలో మిగిలింది మంద కాసే కర్ర. ఆ కర్ర పట్టుకొని ఆయన తన జనాన్ని మళ్ళీ ఒక్కటి చేయడానికి బయలుదేరుతాడు.

వాళ్ళను వెతికి పట్టుకోవడం పెద్ద కష్టం కాదు. కదిలించడమే కష్టం. మంద ముందు నడిచే ముందటోళ్ళు, యుద్ధంలో మమ్మల్ని దాటి నువ్వెందుకు ముందు పోయినవంటారు. తిత్తులతో నీళ్ళు మోసే నీళ్ళోళ్ళు, మా తిత్తి ఉండగా వాగులో ఎందుకు తాగినవంటారు. కుండలో నిప్పులు మోసే నిప్పోళ్ళు, మా పొయ్యి దగ్గర కూర్చొని వేరేవాళ్ళ వంట మెచ్చుకున్నవంటారు. అందరి వెనక కుంటి గొర్రెలను, దారిలో పుట్టిన పిల్లలను ఎత్తుకొని నడిచే ఎనుకటోళ్ళు మాత్రం ఒకటే మాట అంటారు: నువ్వు ఒక్కసారన్న ఎనుకకు తిరిగి సూడలేదని. పెద్దకర్ర ఎవరితోనూ వాదించడు. ప్రతి వాకిట్లోనూ ఒకే మాట చెప్తాడు, మీరొస్తామనేదాకా నేను కూర్చోనని. ఎండలో, వానలో అట్లాగే నిలబడతాడు. కోట దొరతో యుద్ధం కథలో కొంచెమే. ఈ నిలబడే యుద్ధమే చాలాసేపు.

ఆ నాలుగు ఇండ్ల వంశాలు ఇప్పటికీ ఉన్నాయి. మేము ఎనుకటోళ్ళం.

మేతకు తలో దిక్కు పోయిన మందలు ఊరు చేరినప్పుడు ఏటా ఈ కథ చెప్పేవాళ్ళు. చివరి భాగాన్ని పొద్దున మొదలుపెట్టేవాళ్ళు. కథ చెప్పే మనిషి కర్ర పట్టుకొని నిలబడితే ఆ మనిషే పెద్దకర్ర. ఆఖరున ఒక్కో ఇంటినీ పిలుస్తాడు. ఆ ఇంటి మనిషి "వచ్చినం" అని పలకాలి. నాలుగో ఇల్లు పలికినంకనే ఆయన కూర్చోవాలి. ముందటోళ్ళు ఆయన ఎదురుగా ఉంటారు. మేము మంద అవతల, దూరంగా, భుజాల మీద ఒక కుంటి గొర్రెపిల్లను వేసుకొని నిలబడతాం. అది మా చోటు. ఎవరూ చిన్నబుచ్చుకోరు. అందరికంటే ఆఖరి పిలుపు మాదే.

నేను డిగ్రీ చదివే రోజుల్లో మందలకు నీలి నాలుక రోగం వచ్చింది. మూతులు వాచి, మేత ముట్టక గొర్లు పడిపోతుంటే, రోగం తగ్గితే తలనీలాలిస్తానని నాయన కొండకు మొక్కి జుట్టూ గడ్డమూ పెంచాడు. ఆ గడ్డంతో ఉండగానే ఆ ఏటి కథ వచ్చింది. నాయన మంద వెనక పిల్లను మోసుకొని నిలబడ్డాడు. పక్కన నేను. ముందటోళ్ళు పలికారు. నీళ్ళోళ్ళు పలికారు. నిప్పోళ్ళు పలికారు. కథ చెప్పే పెద్దయ్య తల ఎత్తి మా వైపు చూశాడు. నేను చూశాను ఆయన చూడడం. తర్వాత కర్రను పక్కన ఆనించి, గొంగడి మీద కూర్చున్నాడు.

నాయన పలకడానికి ఊపిరి కూడా పట్టుకున్నాడు. ఆ ఊపిరి వదిలేసి, పిల్లను దాని తల్లి దగ్గర దించి, ఇంటికి నడిచాడు. ఒక్క మాట అనలేదు. ఆయన అనని మాటలన్నీ అప్పటి నుంచి నేనే అంటున్నాను.

ముగియని కథను మళ్ళీ ఎత్తుకోకూడదు. అందుకని మరుసటి ఏడు కథ లేదు. ఆ తర్వాతా లేదు. మెల్లగా ఊళ్ళో మాట మారింది. పెద్దయ్య ముందే కూర్చున్నాడన్నది పోయి, ఎనుకటోళ్ళు అలిగి కథ ఆపిండ్రన్నది నిలిచింది. నాయన మందను అమ్మి మిర్యాలగూడ వెళ్ళి రైసుమిల్లులో వాచ్‌మన్‌గా చేరాడు. నీళ్ళోళ్ళు కూడా అక్కడికే వెళ్ళి లారీలు పట్టారు. నిప్పోళ్ళు కోదాడలో హోటల్ పెట్టుకున్నారు. ముందటోళ్ళే ఊళ్ళో మిగిలారు. పిల్లల చదువులు, మేత బీళ్ళు పొలాలు కావడం, కారణాలు వేరే చాలా ఉన్నాయని నాకూ తెలుసు. కానీ ఎక్కడ నలుగురు కలిసినా నేరం మా ఇంటి మీదే పడేది. నాయన ఆ నేరంతోనే పోయాడు. ఆయన దినాలకు వచ్చి భోజనం చేయకుండా పోయినవాళ్ళెవరో నేను ఇప్పుడు కూడా చెప్పగలను.

పోయిన ఏడు సూర్యాపేట దవాఖానలో పెద్దయ్య కనిపించాడు. ఆయన బిడ్డ దగ్గర ఉంటున్నాడు. మోకాళ్ళు చూపించుకోవడానికి వచ్చి, బెంచీ మీద ఎవరో బ్యాగు పెడితే తీయమనలేక గోడకు ఆనుకొని నిలబడ్డాడు. బ్యాగు నేను తీసి కింద పెట్టాను. ఆ బ్యాగు మనిషితో పోట్లాట కూడా అయింది, అది వేరే. కూర్చున్నాక పెద్దయ్య నన్ను చాలాసేపు చూసి గుర్తుపట్టాడు.

డాక్టరు ఎక్కువసేపు నిలబడొద్దన్నాడని చెప్పాడు. తర్వాత, నేను అడగకుండానే అన్నాడు, "ఇంకొక్కసారి నిలబడత బిడ్డ. అంతే. ఆ తర్వాత నాతోని కాదు."

ఆయన కూడా ఆ కథను మోసుకొని తిరుగుతున్నాడని నాకప్పుడే తెలిసింది. జాలి పడ్డానని చెప్పను. నాకు తోచింది ఒకటే. ఈయన కాళ్ళు పూర్తిగా పడిపోకముందే మా ఇంటిని పిలిపించాలి. నలుగురి ముందు, మంద వెనక నేను నిలబడి ఉండగా పిలిపించాలి. దానికి మిగతా మూడు ఇండ్లూ రావాలి. మూడూ పలకకుండా నాలుగోది రాదు.

ముందటోళ్ళతో కష్టం లేదు. మిగతావాళ్ళు వస్తే మంద మాది, మడి మాది అన్నారు. మీరు రారులే అన్న నవ్వు మాత్రం నవ్వారు. దాన్ని నేను గుర్తుపెట్టుకున్నాను.

మిర్యాలగూడలో నీళ్ళోళ్ళ బావ లారీకి వడ్లు ఎత్తిస్తూ నా మాట విన్నాడు. పనిలో ఉన్నాను, ఫోన్ చేయొచ్చు కదా అన్నాడు. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు, రెండుసార్లు చూశానన్నాను. మన వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చు కదా అన్నాడు. ఆ గ్రూపులోంచి నన్ను తీసేసింది నువ్వే కదా అన్నాను. మిల్లు హమాలీలు నవ్వారు. తెల్లారి అయిదింటికి గుడ్ మార్నింగ్ పెట్టేవాళ్ళను తిడుతూ నేను పేజీలకు పేజీలు రాస్తే తీసేయక ఏం చేయాలని ఆయన వాళ్ళను అడిగాడు. అయినా వస్తానన్నాడు. గ్రూపులో కూడా మళ్ళీ చేర్చాడు.

మిగిలింది కోదాడ. నిప్పోళ్ళ ఇంటికి ఇప్పుడు పెద్ద మా అత్త వరస ఆవిడ. భర్త పోయాక హైవే పక్కన రేకుల షెడ్డులో ఆ హోటల్‌ను ఒంటిచేత్తో నిలబెట్టింది. కోదాడ గాలికి మాట కొంచెం ఆంధ్ర వైపు తిరిగింది, పదును తగ్గలేదు. నేను పోయేసరికి టిఫిన్ల వేళ. పెనం ముందు ఆమె, చుట్టూ జనం.

"ఏం అల్లుడూ, దారి తప్పొచ్చావా? కూర్చో, దోసె వేస్తా."

పెద్దయ్య ఇంకొక్కసారి నిలబడే విషయం చెప్పాను. ఆమె పెనం మీద నీళ్ళు చల్లింది. మేం రామంది. కథను ఆపింది మీరు, ఆ ఏడాది తిరక్కుండానే మా ఆయన పోయాడు, ముగియని కథ ఊరికే పోదంది. ఆపింది మేము కాదని, నాయన నిలబడి ఉండగా పెద్దయ్యే కూర్చున్నాడని చెప్పాను. ఆమెకు వినాలని లేదు. తిని పొమ్మంది. నువ్వొస్తానన్నాకే కూర్చుంటానన్నాను. అయితే నిలబడమంది.

నిలబడ్డాను. జనం వచ్చి తిని పోతున్నారు. బస్సు దిగిన ఒకాయన నన్ను హోటల్ మనిషిననుకొని చట్నీ అడిగాడు. బకెట్ అక్కడే ఉంది, వేశాను. పక్కాయన సాంబారు అడిగాడు.

"బానే వడ్డిస్తున్నావ్. జీతం మాత్రం అడగకు," అంది అత్త అటు నుంచే.

టిఫిన్లు అయిపోయి అన్నాలకు ఎసరు పెట్టే వేళయింది. బల్లలు తుడిచారు. నా మడమలు మంట పుడుతున్నాయి. ఆమె ఆఖరి పిండితో ఒక దోసె పోసి, నా వైపు చూడకుండా అడిగింది.

"కాళ్ళు నొయ్యట్లేదా?"

"నొస్తున్నయి."

"మరి కూర్చోరాదూ. పెద్దకర్రవా నువ్వు? ఎనుకటోడివి."

"ఎనుకటోడినే. గందుకే ఆఖరిదాక ఉంట."

ఆమెకు కోపం వచ్చింది. అసలు మైలలో ఉండి ఆ రోజు అక్కడికి రావడమే మీ నాయన తప్పంది. పిలిస్తే పలకలేరు, పిలవకపోతే అలుగుతారు, ఆ ముసలాయన ఏం చెయ్యాలంది.

చావు మైలలో ఉన్న ఇంటిని పిలవకూడదన్న కట్టుబాటు నాకు తెలియనిది కాదు. అందుకే అర్థం కాలేదు.

"ఎవరికి మైల?"

"మీకే. మీ నాయన గడ్డంతో లేడా? దూరంగా నిలబడలేదా? మా ఆయన పెద్దాయన పక్కనే ఉన్నాడు ఆ పూట. 'ఆ ఇంట్ల ఎవరో పోయినట్టున్నరు, పిలిచి పాపం కట్టుకోవద్దు' అన్నాడంట పెద్దాయన. ఇంటికొచ్చి మా ఆయనే చెప్పాడు."

నా చేయి నా గడ్డం మీదికి పోయింది.

"అది మొక్కు గడ్డం, అత్తా. గొర్లకు రోగమొస్తె కొండకు మొక్కిండు. మా ఇంట్ల ఎవ్వరు పోలే. దూరంగ నిలబడుడంటవా, మా చోటే అది."

ఆమె చేతిలో అట్లకాడ అట్లాగే ఉంది. పెనం మీద దోసె అంచులు నల్లబడి పొగ లేచింది. తీయలేదు.

"మరి మీ నాయన చెప్పొచ్చుగా."

"ఆయన అడగొచ్చు గద."

లారీ ఒకటి ఆగి, అన్నం ఇంకా కాలేదని చూసి వెళ్ళిపోయింది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని, వస్తానంది. కానీ లైటర్‌తో ముట్టించిన నిప్పుకు తాను పలకనని, తన కట్టెల పొయ్యిలోంచే నిప్పులు రావాలని షరతు పెట్టింది. నేను కూర్చున్నాను. ఆ మాడిన దోసెనే నా ముందు పెట్టింది. అది కూడా మర్చిపోలేదు.

సూర్యాపేట తిరిగొచ్చి నేరుగా పెద్దయ్య దగ్గరికి వెళ్ళాను. గడ్డం సంగతి చెప్పాను. ఆయన మంచం పట్టె పట్టుకొని కూర్చున్నాడు. ఇన్నేండ్లూ తాను మర్యాద చేశాననే అనుకున్నాడు. నాయన అలిగి ఊరు వదిలాడని విన్నప్పుడు, మైల కట్టుబాటు తెలియని మనిషా అని ఆయన కూడా నొచ్చుకున్నాడట.

"గడ్డం సూసి ఎట్ల అడుగుతరు బిడ్డ, మీ ఇంట్ల ఎవరు పోయిండ్రని?"

"ఆ పొద్దు అడగలేవు. ఒప్పుకుంట. ఆ తర్వాత ఇన్నేండ్లున్నయి గద, పెద్దయ్యా."

కథ ఏ పొద్దు పెట్టుకుంటున్నామని ఆయన అడిగాడు. అది జవాబని నేను ఒప్పుకోలేదు.

యాసంగి వరి కోసిన మడిలో కథ పెట్టుకున్నాం. కోదాడ నుంచి అత్త నిప్పుల కుండతో బస్సెక్కబోతే కండక్టరు దించేశాడు. ఆమె అతనికి వీరుడి కథ మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టిందట, బస్సు వెళ్ళిపోయింది. ట్రాలీ ఆటో మాట్లాడుకొని, దారి పొడుగునా బొగ్గులు వేసుకుంటూ తెచ్చింది. నీళ్ళోళ్ళ బావ తోలుతిత్తి దొరక్క మినరల్ వాటర్ క్యాన్ భుజాన వేసుకొచ్చాడు. ముందటోళ్ళు అది చెల్లదన్నారు. మందకు దారి చూపించేవాళ్ళు బోరు మోటరు దగ్గర సెల్‌ఫోన్ చూస్తూ కూర్చుంటే చెల్లుతుందా అని ఆయన అడిగాడు. మళ్ళీ చెదిరిపోయేటట్టే ఉన్నారు. మీరు తేల్చుకునేదాకా పెద్దయ్య నిలబడే ఉండాలా అని నేను గట్టిగా అరిచాను. అందరూ పెద్దయ్య వైపు చూశారు. క్యాన్ చెల్లింది.

ఆయన అప్పటికే కర్ర పట్టుకొని నిలబడ్డాడు. కథ ఎత్తుకున్నాడు. గొంతు సన్నబడింది, అయినా తడబడలేదు. పెద్దకర్ర నీళ్ళోళ్ళ వాకిట్లో నిలబడ్డ చోటుకొచ్చేసరికి మోకాళ్ళు వణకడం నాకు అంత దూరానికి కూడా కనిపించింది. ఆయన బిడ్డ కుర్చీ తెచ్చి వెనక పెట్టింది. ఆయన చూడకుండానే కర్రతో దాన్ని తోసేశాడు.

నేను మంద అవతల ఉన్నాను. భుజాల మీద కుంటి పిల్ల. షాపులో కూర్చొని పెంచిన పొట్ట, చెమట. పిల్ల నా ఉతికిన చొక్కా మీద ఉచ్చ పోసింది. గడ్డం మాత్రం ఆ పొద్దున రెండుసార్లు గీసుకున్నాను.

పిలుపు మొదలైంది. ముందటోళ్ళు పలికారు. నీళ్ళోళ్ళు పలికారు. నిప్పోళ్ళను పిలిస్తే అత్త కుండ పైకెత్తి హైవే దాకా వినిపించేటట్టు పలికింది. తర్వాత పెద్దయ్య తల ఎత్తి మా వైపు చూశాడు. అదే చూపు. నేను పిల్ల కాళ్ళు గట్టిగా పట్టుకున్నాను.

"ఎనుకటోళ్ళు... వచ్చినరా?"

"వచ్చినం," అన్నాను. అనుకున్నంత గట్టిగా రాలేదు. అయినా మడంతా విన్నది.

ముందటోళ్ళు గొంగడి పరిచారు. ఆయన కూర్చోలేదు. కర్ర రెండు చేతులతో పట్టుకొని, వణుకుతూ, అట్లాగే నిలబడ్డాడు. ఎవరో మరిచిపోయినట్టున్నాడని గుసగుసలాడారు. ఆయన వాళ్ళకు వినిపించేటట్టే అన్నాడు.

"అది ఆ ఏటిది. వాళ్ళ నాయన పలికిండు, నేను ఇన్న. ఇగ ఈ ఏటిది పిలవాలె."

మళ్ళీ పిలిచాడు.

ఆయన కాళ్ళు ఊగుతున్నాయి. నేను పలికేదాకా కూర్చోడని తెలుసు. ఎప్పుడో నాయన పట్టి వదిలేసిన ఊపిరి పట్టుకొని, మంద అదిరేటట్టు పలికాను. భుజం మీద పిల్ల బెదిరి కాళ్ళు తన్నింది. గొర్లు తలలెత్తాయి. ఆయన కూర్చున్నాడు.

కథ అయిపోయింది. అందరూ చెట్ల కిందికి భోజనాలకు నడిచారు. ఎనుకటోళ్ళకు అప్పుడే పని అయిపోదు. మంద దొడ్డి చేరేదాకా వెనక నడవాలి. ఆ ఎండలో, ఉచ్చ చొక్కాతో, ఆ పిల్లను మోసుకుంటూ ఊరి చివర దొడ్డి దాకా నడిచి, దాన్ని తల్లి దగ్గర దించి తిరిగొచ్చాను. అప్పటికి బంతి లేచింది. గిన్నెలో పులుసు మాత్రం ఉంది.

ఎవరు వడ్డించారో చూసి పెట్టుకున్నాను. వచ్చే ఏడు కథకు కర్ర ఎవరు పట్టుకున్నా, వాళ్ళను పిలవడానికి పోయినప్పుడు ముందు ఆ సంగతే ఎత్తుతాను. పెద్దయ్యను మోకాళ్ళకు దవాఖానకు ఇప్పుడు నేనే తీసుకుపోతున్నాను. బెంచీ మీద ఆయనను కూర్చోబెట్టి, నేను పక్కన నిలబడి, ప్రతిసారీ అడుగుతాను, ఆ తర్వాతన్నా ఎందుకు అడగలేదని. ఆయన ఇంకా జవాబు వెతుకుతున్నాడు. నేను నిలబడే ఉన్నాను.